కిక్ హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోతోంది, ఫోన్‌లో మాయమవుతోంది: ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో బీట్స్ చేస్తున్నారు, కొన్ని ట్రాప్ (హిప్‌హాప్‌లో ఒక రకం), కొన్ని డప్పుతో తీన్మార్ స్టైల్. హెడ్‌ఫోన్స్‌లో కిక్, అంటే బీట్‌లో అడుగున పడే డ్రమ్ దెబ్బ, గట్టిగానే తగులుతోంది. అదే ఫోన్‌లో పెడితే అసలు కిక్కే లేనట్టుంది, ఫ్రెండ్ కారులో పెడితే బూమ్ అని సాగుతోంది. 60 హెర్ట్జ్ దగ్గర 6 డీబీ (డెసిబెల్స్) పెంచారు, కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కే పనిముట్టు) పెట్టారు, ఇంకా మెత్తబడింది. ఏ సెట్టింగ్ పెట్టాలి, 808 బేస్ శబ్దంతో గొడవ ఎలా తీర్చాలి, కిక్ కోసం ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే పనిముట్టు) ఏదైనా కొనాలా అని.

సూటిగా చెప్పేస్తా. బేస్ ఎక్కువుంటే పంచ్ రాదు. కిక్ మొదటి 50 మిల్లీసెకన్లలో ఏం జరుగుతోంది, ఆ తర్వాత అది ఎంత త్వరగా తప్పుకుంటోంది, పంచ్ అంతా అక్కడే ఉంది. కాబట్టి ముందు శాంపిల్ (రికార్డ్ చేసిన చిన్న శబ్దం ముక్క) సరైనది ఎంచుకోవాలి, తర్వాత దాని పొడవు కోయాలి, తర్వాత 808ని ఆ క్షణానికి పక్కకు జరపాలి, ఇదంతా అయ్యాకే ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచే, తగ్గించే పనిముట్టు), చివర్లో కావాలంటే క్లిప్పర్ (శబ్దం మొనలను గొరిగేది). కంప్రెసర్ చాలాసార్లు అక్కర్లేదు. మీరు వెనక నుంచి మొదలుపెట్టారు, అందుకే ఏం చేసినా ఇంకా పాడవుతోంది.

ఎందుకో చూడాలంటే ఇప్పుడు వాడుతున్న కిక్‌ని ఎఫ్ఎల్‌లోని ఎడిసన్ ఎడిటర్‌లో తెరిచి బాగా జూమ్ చేయండి. మొదటి 5, 10 మిల్లీసెకన్లలో చిక్కగా గజిబిజి గీతలుంటాయి, అది క్లిక్. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ చప్పుడే ఫోన్‌లో కిక్‌గా వినిపించేది. ఆ వెంటనే వచ్చే అలలు ఒకదాని కంటే ఒకటి వెడల్పవుతూ పోతాయి, అంటే పిచ్ పైనుంచి కిందికి జారుతోందన్నమాట, 200, 150, 100 అలా. ఛాతీకి తగిలింది అనిపించేది ఈ జారుడే. ఆఖరికి ఒకే వెడల్పు అలలు వరసగా వచ్చి సన్నబడిపోతాయి. అది తోక, 45 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఉంటుంది. మెత్తటి కిక్ తెరిస్తే మధ్యలో ఆ జారుడు సరిగ్గా ఉండదు, చిన్న టిక్ అనగానే నేరుగా తోకలోకి దిగిపోతుంది.

ఇప్పుడు మీరు 60 దగ్గర 6 డీబీ పెంచినప్పుడు పెరిగింది ఏంటి? తోక ఒక్కటే. ముందు భాగం ఉన్నచోటే ఉంది, వెనక భాగం లావైంది. దాని మీద ఎటాక్ (అది పని మొదలుపెట్టే సమయం) 1 మిల్లీసెకన్ పెట్టి కంప్రెసర్ వేస్తే అది ముందున్న దెబ్బను నొక్కేసి, మేకప్ గెయిన్‌తో (తగ్గిన వాల్యూమ్‌ని తిరిగి పెంచేది) మళ్లీ తోకనే పైకి లేపుతుంది. హెడ్‌ఫోన్స్‌లో తోక బాగా వినిపిస్తుంది కాబట్టి అక్కడ బాగున్నట్టే ఉంటుంది. ఫోన్ స్పీకర్ తోకను పలకలేదు, కారేమో తోకను ఇంకా పెంచుతుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలకూ కారణం ఒకటే.

శాంపిల్ సంగతి. 808, 909 రెండూ రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్లే, 808 వచ్చింది 1980లో, 909 వచ్చింది 1983లో, కానీ వాటి కిక్‌లు వేరే జాతి. 808లో ఒక పల్స్ వెళ్లి ఫిల్టర్ సర్క్యూట్‌ని కదిలిస్తుంది, అది 50 హెర్ట్జ్ దరిదాపుల్లో గంటలా మోగుతూ ఆగిపోతుంది, అందుకే పొడుగ్గా, గుండ్రంగా ఉంటుంది. 909లో పిచ్ జారుడు, క్లిక్ విడిగా డిజైన్ చేశారు, ఎటాక్‌కి ప్రత్యేకంగా నాబే ఉంది. డాన్స్ మ్యూజిక్ వాళ్లు 909ని ఎందుకు పట్టుకున్నారో, హిప్‌హాప్ వాళ్లు 808ని లాగి లాగి చివరికి బేస్ వాయిద్యంగా ఎందుకు మార్చేశారో ఇక్కడే తెలిసిపోతుంది. మీ బీట్‌లో ఇప్పటికే ఒక 808 బేస్ మోగుతుంటే దాని మీద ఇంకో 808 తరహా కిక్ వేయడంలో అర్థం లేదు. పొట్టిది, క్లిక్ ఉన్నది, 909 వైపు ఉండే శాంపిల్ తీసుకోండి.

ఒక చిన్న అలవాటు: శాంపిల్స్ వెతికేటప్పుడు అన్నీ ఒకే లౌడ్‌నెస్‌లో పెట్టి వినండి, అదీ బీట్ ప్లే అవుతుండగా. విడిగా వింటే ఎప్పుడూ లావుగా, పొడుగ్గా ఉన్నదే గెలుస్తుంది. ట్రాక్‌లో పెట్టాక అదే ముందు మునిగిపోతుంది.

సొంతంగా కిక్ చేసుకోవడం శాంపిల్ ప్యాకులు గాలించడం కంటే తొందరగా అయిపోతుంది, పైగా ఒకసారి చేస్తే కిక్‌లో ఏది ఎక్కడుందో చెవికి పట్టుబడుతుంది. వైటల్ అనే సింథసైజర్ ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. ఒక్క ఆసిలేటర్ (శబ్దం పుట్టించే భాగం), సైన్ వేవ్ (నున్నటి అల). ముందుగా ఫేజ్ రాండమ్ సున్నా చేయండి, లేకపోతే ప్రతి కిక్ వేరే చోట మొదలై ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పలుకుతుంది, తర్వాత మీరు దాన్ని సరిచేయడానికి కంప్రెసర్ వెతుకుతారు. నోటు 50 హెర్ట్జ్ దగ్గర, అంటే జీ1 పెట్టండి (ఎఫ్ఎల్ పియానో రోల్‌లో అది జీ2 అని కనిపిస్తుంది), అది 49. ఇప్పుడు పిచ్‌కి ఒక ఎన్వలప్ (సమయంతో పాటు మార్పును నడిపే గీత) తగిలించి 36 సెమీటోన్లు పైనుంచి మొదలయ్యేలా చేయండి, మూడు ఆక్టేవ్‌లు కాబట్టి 400 దగ్గర మొదలై 50కి దిగుతుంది.

ఆ దిగడం ఎలా ఉందన్నదే అసలు కళ. నేనైతే రెండు అంగల్లో ఆలోచిస్తా: 400 నుంచి 120 దాకా దాదాపు 10 మిల్లీసెకన్లలో పడిపోవాలి, 120 నుంచి 50కి ఇంకో 50, 60 మిల్లీసెకన్లు తీసుకోవాలి. ఎన్వలప్ గీతను ముందు నిటారుగా, తర్వాత వాలుగా వంచితే ఇది వస్తుంది. మొదటి అంగ నెమ్మదైతే 'ప్యూ' అని బొమ్మ తుపాకీ చప్పుడొస్తుంది. రెండో అంగ మరీ వేగంగా అయిపోతే టిక్, ఆ వెనక ఊమ్, మధ్యలో దెబ్బ లేదు. ఆ వంపును మౌస్‌తో పట్టుకుని కొంచెం కొంచెం జరుపుతూ వినండి, ఒకచోట హఠాత్తుగా కిక్ స్పీకర్ ముందుకొచ్చి నిలబడుతుంది. ఈక్యూలో ఎన్ని డీబీలు పెంచినా రానిది అక్కడ వస్తుంది.

వాల్యూమ్ ఎన్వలప్ డికే (శబ్దం తగ్గిపోయే సమయం) 200 నుంచి 250 మిల్లీసెకన్లు. క్లిక్ కోసం వైట్ నాయిస్ ముక్క 5, 8 మిల్లీసెకన్లు, 2 కిలోహెర్ట్జ్ కింద కోసేసి, చాలా తక్కువ వాల్యూమ్‌లో. విడిగా వింటే క్లిక్ తెలియకూడదు, మ్యూట్ చేసినప్పుడు మాత్రం ఏదో పోయిందనిపించాలి. ఆపైన కొంచెం శాచురేషన్ (తేలికపాటి డిస్టార్షన్). అంతే, కిక్ అయిపోయింది.

పొడవు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. నా దగ్గరికి మిక్సింగ్‌కి వచ్చే ప్రాజెక్టుల్లో కిక్ బాలేదు అని రాసి పంపినవాటిలో ఎక్కువ భాగం నేను ముట్టుకునేది ఈక్యూని కాదు, శాంపిల్ తోకని. లెక్క చూడండి. 140 బీపీఎంలో (నిమిషానికి 140 బీట్స్) ఒక పదహారో నోటు 107 మిల్లీసెకన్లు. మీ కిక్ 400 మిల్లీసెకన్లు మోగుతుంటే రెండు కిక్‌లు పక్కపక్కనే పడ్డప్పుడు మొదటి దాని తోక మీదే రెండోది పడుతుంది. రెండో దెబ్బకు ముందు నిశ్శబ్దం లేకపోతే అది దెబ్బలా అనిపించదు. చెవి తేడానే వింటుంది, మొత్తాన్ని కాదు.

ఎఫ్ఎల్ శాంప్లర్‌లోనే వాల్యూమ్ ఎన్వలప్ ఉంది, ఆన్ చేసి డికే తగ్గించండి, ఇంత తగ్గిస్తే పల్చగా ఉంది అనిపించేదాకా వెళ్లి అక్కడినుంచి కాస్త వెనక్కి రండి. ట్రాప్‌లో 808 ఉన్నప్పుడు నా కిక్ సాధారణంగా 80 నుంచి 120 మిల్లీసెకన్లు. 808 లేకుండా కిక్కే బేస్ మోయాల్సిన డాన్స్ బీట్‌లో 250, 300 దాకా వెళ్తా. కోసిన చోట చిన్న ఫేడ్ ఉండేలా చూసుకోండి, లేకపోతే తోక చివర ఇంకో టిక్ వస్తుంది.

కిక్‌ని పాట స్కేల్‌కి ట్యూన్ చేయాలా అని మీరు అడగలేదు కానీ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది కాబట్టి చెప్తున్నా. 50 హెర్ట్జ్ శబ్దం 100 మిల్లీసెకన్లలో ఐదే ఐదు సార్లు ఊగుతుంది, అందులో సగం సమయం పిచ్ జారుతూనే ఉంటుంది. అంత తక్కువలో చెవికి స్వరం పట్టదు. పొట్టి కిక్‌కి ట్యూనింగ్ గురించి టెన్షన్ పడకండి, పొడుగు కిక్‌కి, 808కి మాత్రం తప్పదు.

లేయర్లు రెండు చాలు. ఒకరు పంపిన ప్రాజెక్టులో ఒక కిక్ కోసం ఐదు శాంపిల్స్ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ప్రతిదానిలో సబ్ (అన్నిటికంటే కింది బేస్) ఉంది. మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి చోటు) మీటర్ ఎర్రబడిపోతోంది, చెవికి మాత్రం బరువు లేదు. కారణం ఫేజ్. 50 హెర్ట్జ్ అల ఒకసారి పూర్తిగా తిరగడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు లేయర్ల మధ్య 10 మిల్లీసెకన్ల తేడా ఉంటే ఒకటి పైకి వెళ్తున్నప్పుడు ఇంకోటి కిందికి వెళ్తుంది, రెండూ కొట్టుకుపోతాయి. నాలుగైదు లేయర్లలో ఇది ఎక్కడ జరుగుతోందో వెతకడం కంటే మొత్తం తీసేసి మొదటినుంచి చేయడం నయం, అక్కడ అదే చేశా.

100 కింద ఏది పలకాలో ఒక్క శాంపిల్‌కే అప్పగించండి. రెండోది పైభాగానికి మాత్రమే, దాన్ని కనీసం 500, 600 హెర్ట్జ్ కింద కోసేయండి. తర్వాత రెండింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి జూమ్ చేసి మొదటి కదలిక రెండింటిలోనూ ఒకే వైపు ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే ఒకదాని పొలారిటీ తిప్పండి (అలను తలకిందులు చేయండి), మిక్సర్ ట్రాక్ మీదే బటన్ ఉంటుంది. రెండు స్థితుల్లో ఏది ఎక్కువ బరువుగా ఉందో అది ఉంచండి, దీనికి సిద్ధాంతం అక్కర్లేదు.

ఇక 808తో గొడవ. కిక్, 808 రెండూ ఒకే క్షణంలో మొదలవుతాయి, రెండింటికీ 50 దగ్గరే జాగా కావాలి. పైగా 808 నోటు మారుతూ ఉంటుంది, ఎఫ్1 అయితే 43.6, ఏ1 అయితే 55. కాబట్టి ఒక నోటు దగ్గర కిక్‌తో కలిసి బలంగా వినిపిస్తుంది, ఇంకో నోటు దగ్గర రెండూ కొట్టుకుని డొల్లగా అవుతుంది. మూడో బార్‌లో మాత్రమే కిక్ పోతోంది అని వచ్చే ఫిర్యాదులకు చాలావరకు ఇదే కారణం. ఒక ర్యాపర్ ట్రాక్‌లో సరిగ్గా ఇదే జరిగింది. హుక్‌లో (పల్లవిలో) బ్రహ్మాండంగా ఉంది, వెర్స్‌లోకి (చరణంలోకి) రాగానే కిక్ కుంగిపోతోంది, కిక్ శాంపిల్ మార్చి మార్చి విసిగిపోయి పంపాడు. వెర్స్‌లో 808 లైన్ రెండు సెమీటోన్లు కిందికి దిగుతోంది, తేడా అదొక్కటే.

అక్కడ నేను చేసింది: కిక్‌ని 90 మిల్లీసెకన్లకు కోశా, దాన్ని 70 కింద కొంచెం తగ్గించా, కిక్ పడ్డ ప్రతిచోటా 808 వాల్యూమ్‌ని ఆ 90 మిల్లీసెకన్లూ కిందికి దించి మెల్లగా పైకి తెచ్చా. అంటే ముందు దెబ్బ కిక్‌ది, వెనక బరువు 808ది. రెండూ ఒకే సమయంలో గట్టిగా ఉండవు కాబట్టి నోటు ఏదైనా కొట్టుకునే అవకాశం చాలా తగ్గిపోతుంది. వినేవాళ్లకి రెండూ కలిసి ఒకే పెద్ద కిక్‌లా వినిపిస్తాయి.

దీనికి సైడ్‌చెయిన్ కంప్రెసర్ (కిక్ పడగానే 808ని నొక్కేది) వాడొచ్చు, ఎటాక్ వీలైనంత తక్కువ, రిలీజ్ (తిరిగి వదిలే సమయం) 80 నుంచి 120 మిల్లీసెకన్లు. కానీ నాకు వాల్యూమ్ గీతను చేత్తో గీయడమే ఇష్టం, కంప్రెసర్ కిక్ వచ్చాక మేల్కొంటుంది, గీత అయితే కిక్‌తో పాటే దిగుతుంది. ట్రాప్‌లో 808ని ఆ క్షణానికి బాగా దించేసినా ఎవరికీ తెలియదు. మెలోడీ బేస్ గిటార్ ఉన్న పాటలో మాత్రం 3, 4 డీబీ దాటితే ఊపిరి తీస్తున్నట్టు వినిపిస్తుంది, అక్కడ జాగ్రత్త.

ఈక్యూ గురించి తక్కువే చెప్తా. శాంపిల్, పొడవు సరిగ్గా ఉంటే ఈక్యూకి పెద్ద పని మిగలదు. 250 నుంచి 400 మధ్య అట్టపెట్టెను తన్నినట్టు ఒక మోత ఉంటుంది, అక్కడ 3, 4 డీబీ తగ్గించండి. దెబ్బ కావాలంటే 60 పెంచకుండా 90, 110 దగ్గర వెడల్పుగా 2 డీబీ పెంచి చూడండి. క్లిక్ తక్కువైతే 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెంచండి. 25 కింద కోయొచ్చు కానీ మెత్తటి వాలుతో, నిటారుగా కోస్తే ఫేజ్ మారి అలల ఆకారం చెదిరి, విచిత్రంగా పీక్ లెవెల్ పెరుగుతుంది. ఇంకోటి, లీనియర్ ఫేజ్ ఈక్యూ కిక్ మీద వాడొద్దు, అది దెబ్బకు ముందే చిన్న మసక చప్పుడు తెస్తుంది, ముందు భాగం పదును పోతుంది.

కంప్రెసర్ వాడి తీరాలనుకుంటే ఎటాక్ 20 నుంచి 30 మిల్లీసెకన్లు, అప్పుడు దెబ్బ దాటిపోయాక తోకను పట్టుకుంటుంది. రేషియో 4, రిలీజ్ తర్వాతి కిక్ వచ్చేలోపు సూది సున్నాకి వచ్చేంత. గెయిన్ రిడక్షన్ (కంప్రెసర్ నొక్కే మొత్తం) 3, 4 డీబీ దాటొద్దు. ఆ తర్వాత వాల్యూమ్ సమానం చేసి బైపాస్ నొక్కి పోల్చండి. ఈ పోల్చడం మానేస్తే గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, ఎంత అనుభవం ఉన్నా. లైవ్ డ్రమ్స్ రికార్డ్ చేసినప్పుడు ప్రతి దెబ్బా వేరే బలంతో ఉంటుంది కాబట్టి అక్కడ కంప్రెసర్‌కి నిజమైన పని ఉంది. ఒకే శాంపిల్ ఒకే వెలాసిటీతో (దెబ్బ బలంతో) పడుతున్నప్పుడు కంప్రెసర్ చేసేది ఆకారం మార్చడమే, అది ఎన్వలప్ ఇంకా శుభ్రంగా చేస్తుంది.

క్లిప్పర్ మాత్రం నాకు ఇష్టమైన పనిముట్టు. కిక్ పీక్ ఒక్క క్షణం పైకి లేచి పడిపోతుంది, ఆ మొనను 2 డీబీ గొరిగేసినా చెవి పట్టుకోదు, మాస్టర్‌కి ఆ 2 డీబీ జాగా మిగులుతుంది. ఎఫ్ఎల్‌లో ఉన్న ఫ్రూటీ సాఫ్ట్ క్లిప్పర్‌తోనే అయిపోతుంది. మూడు, నాలుగు డీబీ దాటితే పటపటలాడడం మొదలవుతుంది, కొన్ని బీట్స్‌కి అదీ బాగుంటుందనుకోండి.

దీంతో పాటు మాస్టర్ మీద ఏముందో ఒకసారి చూడండి. చాలామంది ప్రాజెక్టు మొదటిరోజు నుంచే లిమిటర్ (వాల్యూమ్‌ని ఒక హద్దు దాటనివ్వనిది) మాస్టర్‌లో పెట్టుకుని పని చేస్తారు, అసలు అది అక్కడుందని కూడా మర్చిపోతారు. కిక్ పెంచిన కొద్దీ లిమిటర్ దాన్ని తిరిగి నొక్కేస్తుంది, పక్కన మెలోడీ కూడా కుంగుతుంది. కిక్ ఫేడర్ 3 డీబీ పెంచినా మార్పు తెలియకపోతే కారణం దాదాపుగా ఇదే. దాన్ని ఆపేసి, అన్ని ఫేడర్లూ దించి, కిక్ పీక్ మైనస్ 8, మైనస్ 10 డీబీ దగ్గర పెట్టి, మిగతావన్నీ కిక్ చుట్టూ కూర్చోబెట్టండి. కిక్‌ని పెంచడం కంటే మిగతావాటిని తగ్గించడం ఎప్పుడూ సులువు.

ఫోన్‌లో వినిపించాలంటే. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ని పలకలేదు, మీరు 20 డీబీ పెంచినా పలకదు. కానీ శాచురేషన్ వేస్తే 50కి తోడు 100, 150, 200, 250 దగ్గర దాని హార్మోనిక్స్ (రెట్లలో ఉండే పై ఫ్రీక్వెన్సీలు) పుడతాయి. చిన్న స్పీకర్ వీటిలో పైవాటినే పలుకుతుంది, అయినా వినపడని కింది స్వరాన్ని మెదడు తనంతట తనే పూరించుకుంటుంది. నేను చేసే పద్ధతి: కిక్‌ని ఇంకో మిక్సర్ ట్రాక్‌కి కూడా పంపి, అక్కడ బాగా డిస్టార్ట్ చేసి, 150 కింద, 1 కిలోహెర్ట్జ్ పైన కోసేసి, ఫోన్‌లో కిక్ వినిపించేంత వరకే అసలు కిక్ కింద కలుపుతా. 808కి కూడా ఇదే. హెడ్‌ఫోన్స్‌లో విడిగా వింటే అసహ్యంగా ఉంటుంది, పట్టించుకోకండి.

ఇక గది. స్పీకర్లు కొన్నాక కిక్ బాలేదు అనేవాళ్లకు ఇది ముఖ్యం, మీరూ ఎప్పుడో కొంటారు. మన ఇళ్లలో బెడ్‌రూమ్ మామూలుగా 10 బై 12 అడుగులు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు, దాన్ని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే ఆ గది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతుందో వస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు, 47 హెర్ట్జ్. 10 అడుగులంటే 3.05 మీటర్లు, 56 హెర్ట్జ్. రెండూ సరిగ్గా కిక్ తోక మీదే! గది నడిమధ్యలో కూర్చుంటే ఆ ఫ్రీక్వెన్సీ దాదాపు వినపడదు, గోడకు ఆనుకుంటే రెట్టింపై వినిపిస్తుంది. నడిమధ్యలో కూర్చుని కిక్ చాలడంలేదని పెంచుకుంటూ పోతే కారులో బూమ్ అనక ఏం చేస్తుంది? నురగ ముక్కలు గోడకు అంటిస్తే ఇది పోదు, అవి పై ఫ్రీక్వెన్సీలనే పీలుస్తాయి. కాబట్టి 100 కింద నిర్ణయాలు హెడ్‌ఫోన్స్‌లోనే తీసుకోండి, స్పీకర్లలో బ్యాలెన్స్ చూసుకోండి, పక్కన మీకు నచ్చిన రిలీజైన పాట ఒకటి లెవెల్ సమానం చేసి పెట్టుకుని అటూ ఇటూ మారుస్తూ ఉండండి. వాల్యూమ్ కూడా రోజూ ఒకేచోట ఉంచండి. వాల్యూమ్ తగ్గితే చెవికి బేస్ మిగతావాటికంటే ఎక్కువగా తగ్గుతుందని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి మెల్లగా పెట్టుకుని చేసిన కిక్ పొద్దున గట్టిగా పెడితే లావుగా ఉండేది అందుకే.

డప్పు ఉన్న బీట్స్‌కి వేరే లెక్క. ఇక్కడ ట్రాప్ కిక్ పెట్టి అది తగలడంలేదని బాధపడకండి. డప్పు అంటేనే మంట దగ్గర కాచి బిగించిన తోలు, ఒక చేతిలో పొట్టి సిర్ర, ఇంకో చేతిలో సన్నటి పుల్ల. ఆ సిర్ర దెబ్బలో ఉన్నంత క్లిక్ మీ శాంపిల్ ప్యాక్ మొత్తంలో ఉండదు. కాబట్టి కిక్‌లో క్లిక్ తీసేయండి, 1 కిలోహెర్ట్జ్ పైన కోసేసినా నష్టంలేదు. సిర్ర క్లిక్ ఇస్తుంది, కిక్ కింద బరువు ఇస్తుంది, రెండూ కలిసి ఒకే దెబ్బ. డప్పు ట్రాక్‌ని 120 కింద కోసి ఆ చోటు కిక్‌కి ఇవ్వండి.

రెండోది టైమింగ్. రికార్డ్ చేసిన డప్పు గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లోని సమయపు గీతలు) మీద ఉండదు, ఉండకూడదు కూడా, ఆ ఊపే అందులో ఉంది. కిక్ గ్రిడ్ మీద, సిర్ర 15 మిల్లీసెకన్లు వెనక పడితే రెండు చప్పుళ్లుగా విడిపోయి 'డడ్' అని వినిపిస్తుంది, బరువు పోతుంది. చాలామంది డప్పును కోసి గ్రిడ్‌కి తెస్తారు, దాంతో తీన్మార్ కాస్తా మార్చింగ్ బ్యాండ్ అవుతుంది. డప్పును ముట్టుకోకుండా కిక్‌ని డప్పు దగ్గరకు జరపండి. ఒక్కో దెబ్బ చేత్తో జరపాలి, విసుగే, కానీ నాలుగు బార్లు చేశాక విని చూడండి. ప్రతి డప్పు దెబ్బ కింద కిక్ వేయకండి, బరువు పడే చోట్ల మాత్రమే.

ఈ బీట్ బరాత్‌లోనో నిమజ్జనంలోనో డీజే బాక్సుల మీద మోగాల్సినదైతే సబ్ గురించి ఆశ తగ్గించుకోండి. బయట గోడలుండవు, గది చేసే సాయం ఉండదు, చాలా బాక్సులు 40 కింద పెద్దగా పలకవు. కిక్ తోకను 40 దగ్గర కాకుండా 55, 65 మధ్య ఉంచితే అదే ఆంప్లిఫయర్ మీద రెట్టింపు ఉన్నట్టు వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో లోతు తగ్గినట్టుంటుంది, రోడ్డు మీద జనం అది వినరు. కింది ఫ్రీక్వెన్సీలన్నీ మోనోలో (ఎడమ, కుడి ఒకేలా) ఉంచండి, ఇది చెప్పకపోయినా చేస్తారనుకుంటున్నా.

ప్లగిన్ కొనాలా అంటే, ఇప్పుడు వద్దు. సోనిక్ అకాడమీ వాళ్ల 'కిక్' ప్లగిన్ లాంటివి బాగుంటాయి, పిచ్ గీతను గీయడం సులువవుతుంది, అంతకుమించి వైటల్‌లో చేయలేనిది మీకు ప్రస్తుతానికి ఏమీ లేదు. వోక్సెంగో స్పాన్ అనే ఫ్రీక్వెన్సీ మీటర్ ఉచితం, అది పెట్టుకుని కిక్ తోక, 808 నోటు ఎక్కడెక్కడ కూర్చున్నాయో చూడండి, డబ్బు హెడ్‌ఫోన్స్‌కి దాచుకోండి.

ముందు ఆ 60 హెర్ట్జ్ బూస్ట్, కంప్రెసర్ రెండూ తీసేసి, తోక 100 మిల్లీసెకన్లకు కోసి, 808ని ఆ చోట దించి వినండి, మిగతావి తర్వాత. అప్పటికీ సరిపోకపోతే కిక్, 808 రెండూ విడివిడిగా 8 బార్లు ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడే పెట్టండి, మాస్టర్ లిమిటర్ ఆపేసి, ఎంపీ3 కాకుండా వేవ్ ఫైల్. బీపీఎం కూడా రాయండి.